తొమ్మిది రెక్కల పడవ విమానం

తొమ్మిది రెక్కలు. ఎనిమిది ఇంజన్లు. వంద మంది ప్రయాణికులు. మామూలు విమానానికి ఉండే తోక లేదు, చక్రాలు లేవు. పడవలా నీళ్ళ మీద పరిగెత్తి గాల్లోకి లేవాలి. ఇలాంటి విమానం ఒకటి ఉండేదని ఎవరైనా చెబితే మనలాంటి వాళ్ళం వెంటనే "ఏ పురాణంలో?" అని అడుగుతాం. అడగాలి కూడా. అయితే ఇది పురాణం కాదు. 1921లో ఇటలీలోని మజోరే సరస్సు మీద ఇది నిజంగానే లేచింది. నిజంగానే కూలింది. పేరు కాప్రోని కా-60. ట్రాన్సాయెరో అని కూడా అంటారు.

నాకు పాత విమానాల స్కేల్ మోడళ్ళు చేసే అలవాటు ఉంది. ప్లాస్టిక్ కిట్లు కొని అతికించడంతో మొదలైన ఈ పిచ్చి, కిట్టు లేకుండా చెక్క, ప్లాస్టిక్ షీటు, వెదురు పుల్లలతో సొంతంగా చేసుకునే దాకా వచ్చింది. కా-60ని 1/72 స్కేలులో చెయ్యాలనుకున్నాను. అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు నా బల్ల మీద ఒక సెంటీమీటరు. 30 మీటర్ల రెక్క 41.7 సెంటీమీటర్లు అవుతుంది. 23.45 మీటర్ల పొడవు 32.6 సెంటీమీటర్లు. అసలు విమానం ఎత్తు 9.15 మీటర్లు, అంటే మన మూడంతస్తుల మేడంత.

చరిత్ర వ్యాసం రాసేవాడికి "సుమారుగా", "అని ప్రతీతి" అని దాటెయ్యడానికి వీలుంటుంది. మోడల్ చేసేవాడికి ఆ సుఖం లేదు. చెక్కని "ప్రతీతి" ప్రకారం కొయ్యలేం. రెక్క ఇక్కడ మొదలవుతుందా, రెండు మిల్లీమీటర్ల అవతల మొదలవుతుందా అనేది తేల్చుకునే రంపం పట్టాలి. అందుకే మోడల్ మొదలుపెట్టక ముందే కొన్ని నెలలు కాగితాల మీద గడిచిపోయాయి. ఈ వ్యాసం ఆ కాగితాల గురించి.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. జియాన్ని కాప్రోని 1886లో, అప్పటికి ఆస్ట్రియా-హంగరీ కింద ఉన్న ఆర్కో ప్రాంతంలో పుట్టాడు. మ్యూనిక్‌లోనూ, బెల్జియంలోని లియేజ్‌లోనూ ఇంజనీరింగ్ చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన చేసిన మూడు ఇంజన్ల బాంబర్లకు పెద్ద పేరొచ్చింది. కాబట్టి ఈయన పెరట్లో రెక్కలు కట్టుకుని గోడ దూకిన బాపతు కాదు. అప్పటికే పెద్ద విమానాలు కట్టి ఎగరేసిన అనుభవం ఉన్నవాడు. యుద్ధం అయిపోయింది, బాంబర్లు కొనేవాళ్ళు లేరు. జనాన్ని సముద్రాలు దాటించే విమానం కడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. 1919లో పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు ఆకారం. మూడు రెక్కలు ఒకదాని మీద ఒకటి, మేడ మీద మేడలా. అలాంటి మేడలు మూడు: పడవకి ముందొకటి, మధ్యలో ఒకటి, వెనకొకటి. మొత్తం తొమ్మిది. ఆశ్చర్యంగా, ఈ రెక్కలు కొత్తవి కావు. యుద్ధం తర్వాత మూలపడ్డ కా-4 బాంబర్లు కూడా మూడు రెక్కల అంతస్తులవే. వాటిని విప్పి ఆ రెక్కల్నే తెచ్చి ఇక్కడ బిగించారు. పాత ఇంటి దూలాలతో కొత్త ఇల్లు కట్టుకున్నట్టు. ఈ ఒక్క సంగతి తెలియగానే నా పని సగం తేలికైపోయింది. కా-4 చాలా కట్టిన విమానం, దాని రెక్క 29.9 మీటర్లు. కా-60 రెక్క 30 మీటర్లని పుస్తకాలు చెబుతున్నాయి. రెండూ కలిశాయి. ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూసి రాయడం వల్ల అంకెలు కలిస్తే దానికి విలువ లేదు. వేరే దారిలో వచ్చిన అంకె వచ్చి కలిస్తే విలువ ఉంది.

ఇంజన్లు అమెరికా లిబర్టీ రకం, ఒక్కోటి 400 హార్స్ పవర్. నాలుగు ముందుకు లాగేవి, నాలుగు వెనక నుంచి నెట్టేవి. లిబర్టీ ఇంజన్ కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఫొటోలో ఇంజన్ కనిపించిన చోటల్లా అదే నాకు స్కేలు బద్ద అయింది. పైలట్లు ఇద్దరూ ప్రయాణికుల గదికి పైన, గాలికి ఎదురుగా, పైకప్పు లేని చోట పక్కపక్కన కూర్చుంటారు. ప్రయాణికులు మాత్రం కింద అద్దాల కిటికీల గదిలో, చెక్క బెంచీల మీద, మన పాసింజరు రైల్లో లాగా ఎదురెదురుగా. రెండు ఆర్టీసీ బస్సుల జనం ఒకే పడవలో.

విమానాన్ని "అట్లాంటిక్ దాటే విమానం" అని చాలా చోట్ల రాస్తారు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూశాను. మీరూ వెయ్యొచ్చు, ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. ఖాళీ విమానం బరువు 14,000 కిలోలు. నిండుగా ఉంటే 26,000. తేడా 12,000. వంద మందికి తలా 80 కిలోల చొప్పున 8,000 పోయాయి. సిబ్బంది ఎనిమిది మందికి ఇంకో 640. పెట్రోలుకి మిగిలింది 3,360 కిలోలు, అదీ ఒక్క సూట్‌కేసు కూడా ఎక్కించకపోతే. అప్పటి లిబర్టీ ఇంజను గంటకి ఒక్కో హార్స్ పవర్‌కి పావు కిలోకి కొంచెం తక్కువ, సుమారు 0.23 కిలోల పెట్రోలు తాగుతుంది. 3,200 హార్స్ పవర్‌కి గంటకి 725 కిలోలకు పైనే. అంటే నాలుగున్నర గంటలు. గంటకి 130 కిలోమీటర్ల చొప్పున 600 కిలోమీటర్ల దరిదాపు. పుస్తకాల్లో ఇచ్చిన పరిధి 660. ఇంజన్లని కొంచెం తగ్గించి నడిపితే ఆ మాత్రం వస్తుంది, కాబట్టి ఆ అంకె నమ్మదగ్గదే. కానీ 1919 మేలో అమెరికా నౌకాదళం వారి ఎన్‌సి-4 పడవ విమానం న్యూఫౌండ్‌లాండ్ నుంచి అజోర్స్ దీవులకి ఆగకుండా ఎగిరిన దూరం సుమారు 2,200 కిలోమీటర్లు. పదిహేను గంటలు పైగా పట్టింది. మన తొమ్మిది రెక్కల పడవ అందులో మూడో వంతు దూరం కూడా పోలేదు. సముద్రాలు దాటాలన్నది కాప్రోని కల. ఈ మొదటి విమానం మాత్రం ఆ పని చెయ్యగలిగింది కాదు. కలని యంత్రానికి అంటగట్టి రాయడం అభిమానులకి అలవాటు, ఏ దేశంలోనైనా.

ఇక అసలు గొడవ. మా కాలనీలో రిటైరైన లెక్చరరు మాస్టారొకాయన ఉన్నారు. సాయంత్రాలు నా పని చూడటానికి వస్తుంటారు. మంచి చదువరి, నాతో ఏ విషయంలోనూ ఏకీభవించరు. ఒకరోజు బల్ల మీద నా నోట్సు తిరగేసి ఇలా అన్నారు:

"ఏమండీ, ఇది మొదటిసారి ఎగిరింది ఒకచోట ఫిబ్రవరి 12 అని ఉంది, ఇంకోచోట మార్చి 2 అని ఉంది. ఎందుకు కూలిందో మూడు రకాలుగా ఉంది. పైలట్లు బతికారని ఒకరు, పోయారని ఒకరు. ఇన్ని తేడాలున్నా మీరు దీన్ని నమ్మి చెక్క కోస్తున్నారు. మన వైమానిక శాస్త్రంలో త్రిపుర విమానం నేల మీదా నీటి మీదా గాల్లోనూ పోతుందంటే మాత్రం ఆధారాలు చూపించమంటారు. తెల్లవాడు చెబితే ఒక న్యాయం, భరద్వాజుడు చెబితే ఒక న్యాయమా?"

ప్రశ్న బాగుంది. నవ్వేసి ఊరుకోవాల్సిన ప్రశ్న కాదు. మనం చాలాసార్లు నవ్వేసి ఊరుకుంటాం, అందుకే అవతలివాళ్ళు మన దగ్గర జవాబు లేదనుకుంటారు. కాబట్టి ఆయన ఎత్తి చూపిన తేడాల్ని ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదటిది తేదీ. మొదటిసారి కాసేపు ఎగిరింది ఫిబ్రవరి 12నా, మార్చి 2నా అన్న తేడా నిజమే. కానీ ఏ కథనం తీసుకున్నా సంవత్సరం 1921, చోటు మజోరే సరస్సు ఒడ్డున ఉన్న సెస్తో కాలెండే, పైలట్ ఫెదెరికో సెంప్రీని. రెండోసారి ఎగిరి కూలింది మార్చి 4న. మా ఇంట్లో మా నాన్న పుట్టిన తేదీ స్కూలు రికార్డులో ఒకటి, జాతకంలో ఒకటి. అంతమాత్రాన మా నాన్న పుట్టలేదని ఎవరూ అనలేదు.

రెండోది చావులు. కొన్ని కథనాల్లో పైలట్లిద్దరూ చనిపోయారని రాశారు. విమానం విరిగింది కాబట్టి మనిషి పోయి ఉంటాడని ఎవరో అనుకున్నారు, తర్వాతి వాళ్ళు దాన్ని ఎత్తి రాసుకున్నారు. వివరంగా రాసిన కథనాల్లో సిబ్బందికి ఏమీ కాలేదని స్పష్టంగా ఉంది. కథ నోళ్ళలో నానేకొద్దీ విషాదం పెరుగుతుంది. మనుషులు పోని ప్రమాదం చెప్పుకోవడానికి అంత రుచిగా ఉండదు.

మూడోది కారణం. దీని మీదే నేను ఎక్కువ కాలం కూర్చున్నాను. ఒక కథనం ప్రకారం, దగ్గరగా పోతున్న స్టీమరు లేపిన అలల వల్ల పైలట్ తొందరపడి లేపాల్సొచ్చింది. ఇంకో కథనం ప్రకారం, ప్రయాణికుల బదులు బరువు కోసం వేసిన ఇసుక మూటల్ని సరిగ్గా కట్టలేదు, ముక్కు పైకి లేవగానే అవి వెనక్కి జారాయి. మూడోది పైలట్ పొరపాటు. జరిగిన క్రమం మాత్రం ఇలా చెబుతారు: విమానం వేగం అందుకుంది, సెంప్రీని పైకి లాగాడు, ముక్కు ఉన్నట్టుండి నిటారుగా లేచింది, ఆయన ఇంజన్ల జోరు తగ్గించాడు, విమానం అదుపు తప్పి తోక వైపు ముందు నీళ్ళని తాకింది, ఆ వెనకే ముక్కు దభాలున పడి ముందు భాగం విరిగింది. ముందు రెక్కల మేడ నీళ్ళలో కూలిపోయింది. మధ్యదీ వెనకదీ తేలుతూ ఉండిపోయాయి. ఒడ్డుకి లాగేటప్పుడు మిగిలింది మరింత పాడైంది.

ఈ విమానానికి అడ్డంగా ఉండే తోక లేదని మొదట్లోనే చెప్పాను. ముక్కు పైకీ కిందికీ ఆడించడం ముందు రెక్కల బలానికీ వెనక రెక్కల బలానికీ మధ్య తేడా పెట్టడం ద్వారానే జరగాలి. కావిడి మోసేవాడిని ఊహించుకోండి. ముందు బుట్టా వెనక బుట్టా సరితూగినంతసేపు నడక బాగానే ఉంటుంది. వెనక బుట్టలో ఇంకో నాలుగు కొబ్బరికాయలు పడితే మనిషి సంగతేమిటి? పైగా వెనక ఉన్న రెక్కలకి అందేది ముందు రెక్కలు అప్పటికే కిందికి తోసేసిన గాలి. అందుకే ఇలాంటి విమానంలో గరిమనాభి ఎక్కడుందన్నది ప్రాణం.

చిన్న ప్రయోగం చేశాను. పల్చని బాల్సా చెక్కతో ముందొక మేడ, వెనకొక మేడ, మధ్యలో ఒకటి పెట్టి అరచెయ్యంత గ్లైడరు తయారుచేశాను. రూపాయి బిళ్ళని వెన్ను మీద టేపుతో అంటించి, సరిగ్గా జారేలా చోటు వెతికాను. దొరికింది. అక్కడ నుంచి బిళ్ళని రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపి వదిలితే, ముక్కు లేపి, ఒక్క క్షణం ఆగి, తోక వైపుగా కింద పడింది. పది సార్లు వేస్తే పది సార్లూ అంతే. దీంతో ఇసుక మూటల కథే నిజమని తేలిపోయిందా? లేదు. బరువు వెనక్కి జారితే ఇలాంటి పడటం జరగగలదని మాత్రమే తేలింది. స్టీమరు అలలు కూడా తోడై ఉండొచ్చు. మూడు కారణాలూ ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు. "జరగగలదు" నుంచి "జరిగింది"కి దూకెయ్యకపోవడం మనం అవతలివాళ్ళకి రోజూ చెప్పే పాఠమే కదా, మనమూ పాటించాలి.

మాస్టారి ప్రశ్నకి ఇప్పుడు జవాబు. ఈ తేడాలన్నీ ఎక్కడున్నాయి? అంచుల్లో. మధ్యలో ఏముంది? పేటెంటు ఉంది. ఒడ్డున నిలబెట్టిన ఫొటోలున్నాయి, నీళ్ళ మీద తేలుతున్న ఫొటోలున్నాయి, విరిగి పడిన ఫొటోలున్నాయి. అన్నిటికన్నా మించి ముక్కలున్నాయి. పక్కన తేలడానికి పెట్టిన రెండు తేలు డబ్బాలు, పడవ ముందు భాగం అడుగు, ఒక లిబర్టీ ఇంజన్, ముందు రెక్కల నుంచి వెనక రెక్కలకి పోయే దూలంలో ఒక త్రికోణపు ముక్క. కొన్ని ట్రెంటో నగరంలో కాప్రోని పేరు మీద పెట్టిన మ్యూజియంలో, కొన్ని మిలాన్ దగ్గర పాత కాప్రోని కర్మాగారంలోనే వెలసిన వోలండియా మ్యూజియంలో. చరిత్రలో నిజంగా జరిగిన సంఘటన చుట్టూ సాక్ష్యాలు ఎప్పుడూ కొంచెం గరుకుగానే ఉంటాయి, ఎందుకంటే చూసినవాళ్ళు వేరువేరు మనుషులు.

అటు వైమానిక శాస్త్రం చూడండి. కాలం గమనించండి, ఇది నాకే గమ్మత్తుగా అనిపించింది. పండిత సుబ్బరాయ శాస్త్రి ఆ శ్లోకాల్ని చెప్పి రాయించింది 1918కీ 1923కీ మధ్య. ఎల్లప్ప అనే ఆయన బెంగళూరులో వాటికి బొమ్మలు గీసింది 1923లో. అంటే సెస్తో కాలెండేలో కాప్రోని మేస్త్రీలు చెక్కలు బిగిస్తున్న సంవత్సరాలే ఇవి. రెండూ ఒకే కాలపు పిల్లలు. రెండూ చూడటానికి వింతే. నిజం చెప్పాలంటే, అనుభవం లేని కంటికి కా-60 కన్నా రుక్మ విమానమే అందంగా కనిపిస్తుంది.

జోస్యర్ గారి ఇంగ్లీషు అనువాదం 1973లో వచ్చింది. మరుసటి ఏడాదే, 1974లో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అనే అయిదుగురు దాన్ని కూర్చుని చదివారు. చదవకుండా కొట్టిపారెయ్యలేదు, అదీ వాళ్ళ గొప్పతనం. శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల కొలతలూ, బరువులూ, నడిపే సూత్రాలూ పరీక్షించారు. ఏ ఒక్కటీ ఎగిరే లక్షణం ఉన్నది కాదని తేల్చారు. పుస్తకంలో మాటలకీ బొమ్మలకీ పొంతన లేదని, బొమ్మల్లో మాత్రం ఆధునిక యంత్రాల పరిచయం కనిపిస్తోందని చెప్పారు. గ్రంథం 1904 కన్నా పాతది కాదన్నారు. ఇంత జరిగాక కూడా 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద ఒక పత్రం చదివించారంటే, 1974 నాటి ఆ వ్యాసం ఎంతమంది చదివారో ఊహించుకోవచ్చు.

మాస్టారితో నేనన్నది ఇంతే. "తెల్లవాడు చెప్పాడని నేను నమ్మలేదండీ. తెల్లవాడు అట్లాంటిక్ దాటుతుందన్నాడు, లెక్కవేసి కాదన్నాను. మీరు త్రిపుర విమానానికి ఒక పైచూపు, ఒక పక్కచూపు, ఒక ముందుచూపు, మాటల్లో ఉన్న కొలతలతో కలిసేవి తెచ్చివ్వండి. 1/72లో అదీ చేసి పెడతాను. ఎగరక్కర్లేదు, మూడు చూపులూ కలిస్తే చాలు." ఆయన పుస్తకం తెస్తానని వెళ్ళారు. తెచ్చారు కూడా. ఇద్దరం స్కేలు బద్దలు పట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్నాం. మూడో ఆదివారం ఆయన పుస్తకం తీసుకెళ్ళిపోయి, నా రెక్కలకి ఇసుక కాగితం పట్టడంలో సాయం చేశారు. ఒప్పుకున్నారని నేను అనను. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, అంతే.

కాప్రోని మాటకొస్తే, కూలిన తర్వాత కూడా ఆయన ఆశ వదల్లేదు. తిరిగి కట్టే ముందు నాలుగో వంతు స్కేలులో ఒక నమూనా చేసి చూడాలనుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆయన మీద ఇష్టం పెరిగింది. మనలాగే మోడల్ చేద్దామనుకున్నాడన్నమాట, కాకపోతే ఎగిరే మోడల్. డబ్బు కుదరలేదు, ప్రభుత్వానికి వేరే పనులున్నాయి, పథకం ఆగిపోయింది. ఆయన ఆలోచనలో వంద మంది అన్న భాగం మాత్రం వెర్రిది కాదు. 1929 అక్టోబరులో జర్మనీ వాళ్ళ పన్నెండు ఇంజన్ల డోర్నియర్ డో-ఎక్స్ పడవ విమానం 169 మందితో లేచింది. తొమ్మిది రెక్కలతో కాదు, ఒక్క వెడల్పాటి రెక్కతో. కాప్రోని 1957 దాకా బతికాడు. 2013లో జపాన్ దర్శకుడు మియాజాకి తీసిన 'ద విండ్ రైజెస్' యానిమేషన్ సినిమాలో కా-60 కూలడం చూపించారు. ఆ దర్శకుడి స్టూడియోకి గీబ్లీ అన్న పేరు కూడా ఇంకో కాప్రోని విమానం నుంచి తీసుకున్నదే.

మోడల్ పూర్తి కావచ్చింది. రెక్కల మధ్య నిలబెట్టే స్ట్రట్లకి అగరుబత్తి పుల్లలు బాగా పనికొస్తాయి, నిలువుగా చీల్చి గీకితే మిల్లీమీటరు మందానికి వస్తాయి. అగరుబత్తులు మా ఇంట్లో ఉండవు కాబట్టి వెలిగించి వదిలేసిన పుల్లలు మాస్టారే ఇంటి నుంచి తెచ్చిపెడుతున్నారు. మూడు వందల దాకా పట్టాయి. రంగు దగ్గర మాత్రం కాస్త ఆగాల్సి వచ్చింది. అప్పటి ఫొటో పలకలు నీలాన్ని తెల్లగానూ, ఎరుపునీ పసుపునీ నల్లగానూ చూపిస్తాయి, నలుపు తెలుపు ఫొటో చూసి రంగు చెప్పేవాళ్ళని నమ్మకూడదు. అందుకే పీఠం మీద ఒక కాగితం అంటించాను. ఫొటోలో చూసి చేసినవి ఇవి, లెక్క కట్టి చేసినవి ఇవి, రంగు నా ఊహ. దాని కింద "మొదటిసారి ఎగిరింది" అన్న చోట 1921 అని మాత్రమే రాశాను. కూలిన చోట తేదీ పూర్తిగా వేశాను.